నాన్న వీపు వెనక పదహారేళ్లు

వెల్చ్ క్రాసింగ్, మిసిసిపీ
1984 మార్చి 4, ఆదివారం

అన్నయ్యా,

కుశలం అడిగే ఓపిక లేదు. విమానం పడిపోయి ఉంటే ఇనెజ్ అత్తకి ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్లు. చెయ్యలేదు కాబట్టి నువ్వూ నాన్నా హాలండ్‌లో క్షేమంగానే దిగారనుకుంటున్నాను.

మీరు బయల్దేరిన రోజు నేను ఫ్యాక్టరీలో ఉన్నాను. అడిగితే సెలవు ఇచ్చేవాళ్లే. అడగలేదు. నన్ను వదిలేసి నా బ్యాండు వెళ్తుంటే వాకిట్లో నిలబడి చెయ్యి ఊపాలా? ముందు రోజు వంటింట్లో నాన్నా నేనూ ఎదురెదురుగా కూర్చుని బీన్స్ తిన్నాం. ఆయన తలెత్తలేదు. నేనూ ఎత్తలేదు. అత్త మా ఇద్దర్నీ చూసి, "ఈ ఇంట్లో మర్యాద తెలిసింది కుక్కకొక్కదానికే" అంది.

ఒక్క సంగతి తేల్చు. నువ్వు నాతో అన్న మాట ఇది: "నాన్నే చెప్పాడు వర్లీన్. అంత దూరం ఆడపిల్లతో కుదరదట. అక్కడ వేదిక మీద పేరున్న డ్రమ్మరు ఉండాలట." చికాగో నుంచి పెటిస్ గారిని మాట్లాడుకున్నారు. మరి డిసెంబర్లో ముగ్గురం కలిసి వెళ్లి పాస్‌పోర్టులు ఎందుకు తీయించుకున్నాం? నాది సొరుగులో పడి ఉంది. ఫొటోలో నవ్వుతున్నాను కూడా.

నాకు ఏడేళ్లప్పుడు పందికొవ్వు డబ్బా బోర్లించి, డ్రమ్ములా వాయించమని నన్ను తన గిటార్ వెనక కూర్చోబెట్టుకున్నది ఎవరు? నాన్న. ఏటా మనింట్లో చేసే పిక్నిక్‌లో ఒకపక్క మేకలు నిప్పుల మీద కాలుతుంటే, జనం దుమ్ము లేచేలా ఆడుతుంటే, "ఆపకు పిల్లా, చెయ్యి ఊడినా ఆపకు" అని అరిచింది ఎవరు? నాన్న. అమ్మ పోయిన ఏడాది నీ చేతికి బాస్ గిటార్ ఇచ్చి, "ఇక మనం ముగ్గురమే బ్యాండు" అన్నది ఎవరు? పత్తి గోదాము వెనక గదిలో శనివారాలు, తర్వాత మెంఫిస్ పార్కులో పెద్ద వేదిక, ఆ తర్వాత గడ్డమాయన మన వరండాలో మైకులు పెట్టి చేసిన రికార్డు. పదకొండేళ్లు. ఆ రికార్డు విని కదా యూరప్ వాళ్లు పిలిచింది. అందులో డ్రమ్ము నాది. పెటిస్ గారిది కాదు.

ఈ ఉత్తరం నాన్నకి చదివి వినిపించు. ఆయనకి చదువు రాదు కాబట్టి నీ నోటి నుంచే వినాలి. ముక్క కూడా వదలకు. మూడు రోజులు ఫ్యాక్టరీ బాత్రూంలో కూర్చుని ఏడ్చానని చెప్పు. నాలుగో రోజు సూపర్‌వైజరు తలుపు బాదాడు, ఏడుపు మానేసి వెళ్లి సోఫాలకి మేకులు కొట్టుకున్నానని చెప్పు. ఆ మాట ఏదో నా మొహం మీద తనే ఎందుకు చెప్పలేదో అడుగు.

వర్లీన్


ఉట్రెక్ట్, హాలండ్
మార్చి 17

వర్లీన్ తల్లీ,

నీ ఉత్తరం అందింది. అబ్బ, కాగితం పట్టుకుంటే చెయ్యి కాలింది. అంత కోపమైతే ఎలాగే? నువ్వు చిన్నపిల్లవి, బోలెడు రోజులున్నాయి. ఇది మొదటి ప్రయాణం. దారి వేసి వస్తున్నాం, రెండోసారి నువ్వూ వద్దువు గాని.

ఇక్కడ అంతా బాగుంది. జనం కుర్చీల్లో కూర్చుని వింటారు. ఎవ్వరూ లేచి ఆడరు. పాట అయ్యాక మాత్రం ఇల్లు కూలేలా చప్పట్లు. మొదటి రోజు నాన్న భయపడ్డాడు, "వీళ్లకి నచ్చలేదేమిట్రా, పక్షవాతం వచ్చినట్టు కూర్చున్నారు" అని. ఇక్కడివాళ్లు పచ్చి చేపని తోక పట్టుకుని నోట్లోకి దించుకుంటారు. నాన్న అది చూసి రెండు పూటలు తిండి మానేశాడు. అత్త కట్టిచ్చిన మిరపకాయల సీసా ఉండబట్టి ఏదో నెట్టుకొస్తున్నాడు. మా ప్రయాణం ఏర్పాటు చేసిన డచ్చాయన చలికని నాన్నకి పెద్ద కోటు కొనిచ్చాడు. అది వేసుకుంటే బిషప్‌లా ఉంటాడు.

పెటిస్ గారు ఎంత పెద్దవాళ్లతో వాయించారో తెలుసా! ఆయన డ్రమ్ములు ఎనిమిది. నీవి మూడు, అందులో ఒకటికి అతుకు. పోల్చడం కాదు, ఊరికే చెప్తున్నా.

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. నవ్వాడు. "దాని నోరు అచ్చం వాళ్లమ్మదే" అన్నాడు. పని జాగ్రత్తగా చేసుకోమన్నాడు.

అన్నట్టు, కంచరగాడిద పాటలో నాన్న బాణీని మళ్లీ మొదటికి తిప్పే మలుపు తీసుకునే ముందు నువ్వేం చూస్తావ్? పెటిస్ గారు సరదాగా అడిగారు. ఒక లైను రాసి పడేయ్.

నీ అన్న,
క్లియోథా


వెల్చ్ క్రాసింగ్
మార్చి 29

అన్నయ్యా,

సరదాగా అడిగారా. ఎనిమిది డ్రమ్ములున్న పెద్దమనిషి, అతుకుల డ్రమ్ము పిల్లని సరదాగా అడిగాడా.

చదువుకున్నవాళ్ల బ్లూస్‌లో పన్నెండు తాళాలు లెక్కపెట్టి మలుపు తిరుగుతారు. అది నాకూ తెలుసు, రేడియో వినే ఎవరికైనా తెలుసు. నాన్న లెక్కపెట్టడు. ఒకసారి తొమ్మిదికి తిరుగుతాడు, ఒకసారి పధ్నాలుగుకి. గొంతులో మాట అయిపోతే తిరుగుతాడు, అవ్వకపోతే అక్కడే తొక్కుతూ ఉంటాడు. వాళ్ల నాన్నా అంతేనట. మన కొండల్లో ముసలివాళ్లందరూ అంతే. ఆ సంగతి నీకు తెలియదా? పదకొండేళ్లు ఆయనకి గజం దూరంలో నిలబడ్డావు. నువ్వేం చూసేవాడివో చెప్పనా? నా కుడి పాదం. నా మడమ లేస్తే నీ వేలు కదిలేది. అందరూ నువ్వు నాన్నని అనుసరిస్తున్నావనుకున్నారు. నువ్వూ అనుకున్నావేమో. వెనక కూర్చున్నదాన్ని, నాకు అన్నీ కనిపిస్తాయి.

నేనేం చూస్తానో చెప్పను. నా దగ్గర ఉన్నది అదొక్కటే. మిగతావన్నీ విమానం ఎక్కించి తీసుకుపోయారు.

ఫ్యాక్టరీలో కొత్త లైను పెట్టారు. గంటకి పద్దెనిమిది సోఫాలు, ఇదివరకు పధ్నాలుగు. బాత్రూంకి వెళ్లాలంటే చెయ్యెత్తాలి. ఇరవై మూడేళ్లదాన్ని, చెయ్యెత్తి నిలబడుతున్నాను. నా పక్కన నురుగు దిళ్లకి జిగురు పూసే జ్యూయెల్ నిన్న సూపర్‌వైజరుతో, "సార్, ఎడమ చెయ్యి ఎత్తితే ఒకటికి, కుడి చెయ్యి ఎత్తితే రెండుకా?" అంది. లైనంతా ఆగిపోయింది నవ్వి. అరరోజు జీతం కోశారు దానికి. నాకు ఈ ఊళ్లో అది ఒక్కతే మనిషిలా కనిపిస్తోంది.

ఇంకోటి. నా ఉత్తరం విని నాన్న నవ్వాడన్నావు. బాత్రూంలో ఏడ్చానన్న చోట కూడా నవ్వాడా? ఏ ముక్కకి నవ్వాడో రాయి.

వర్లీన్


హాంబర్గ్, జర్మనీ
ఏప్రిల్ 8

వర్లీన్,

తమాషాలు వద్దు. నీకు దండం పెడతాను, అది చెప్పు.

బాగుందని రాశాను కదా, బాగాలేదు. మొదటి వారం నుంచీ బాగాలేదు. పెటిస్ గారిది తప్పు కాదు. ఆయన వాయిద్యం గడియారంలా ఉంటుంది. నాన్న తొమ్మిదికి తిరిగేసరికి ఆయన ఇంకా అక్కడే ఉంటారు, ఆయన పన్నెండుకి తిరిగేసరికి నాన్న వెనక్కి వచ్చేసి ఉంటాడు. మధ్యలో నేను, ఎటు పోవాలో తెలియక ఒకే తీగ మీద వేలు పెట్టుకుని నిలబడతాను. "నాన్న చెయ్యి నాకు తెలుసు, నేను సైగ చేస్తా" అని అందరికీ మాటిచ్చింది నేనే. సైగ చెయ్యడానికి నాకేం తెలుసు? ఏమీ తెలియదు.

బ్రెమెన్‌లో పాట మధ్యలో నాన్న ఆపి, వెనక్కి తిరిగి, "అయ్యా, మీరు ఎవరితో వాయిస్తున్నారు?" అన్నాడు.

"మీతోనేనండి" అన్నారు పెటిస్ గారు.

"నేనింకా అక్కడికి రాలేదే."

మైకులో వినిపించింది. జనం జోక్ అనుకుని నవ్వారు. తర్వాతి ఊళ్లో మళ్లీ ఆపాడు, ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇక్కడ హాంబర్గ్‌లో పాట నడుస్తుండగానే గిటార్ పెట్టెలో పెట్టి, మూత వేసి, దిగి వెళ్లిపోయాడు. పేపర్లో రాశారు, ముసలాయనకి లయ తప్పిందని, పాపం ఇంట్లో విశ్రాంతి తీసుకోవాల్సిన వయసని. ఇంగ్లీషు వచ్చిన హోటలు పిల్ల ఒకతె దాన్ని నాన్నకి చదివి చెప్పింది, నేను ఆపేలోపే.

ఇంకా పదకొండు ఊళ్లున్నాయి. మే పంతొమ్మిదిన ఉట్రెక్ట్‌లో పెద్ద రికార్డింగు. అది పాడైతే మనల్ని మళ్లీ ఎవరూ పిలవరు. నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. నా కోసం కాకపోతే ఆయన కోసం చెప్పు.

క్లియోథా


వెల్చ్ క్రాసింగ్
ఏప్రిల్ 18

క్లియోథా,

నీ కోసం కాదు. ఆ పేపరు కోసం. ఆయనకి లయ తప్పిందా! ఆ రాసినవాణ్ణి ఒక్క శనివారం పత్తి గోదాములో నిలబెట్టాలి.

పెటిస్ గారికి ఇది ఇవ్వు.

నాన్న మెడ వెనక రెండు నరాలున్నాయి. మలుపుకి ముందు ఊపిరి తీసుకుంటాడు, అప్పుడు కుడివైపుది లేస్తుంది. లేచి, పడుతుంది. పడ్డప్పుడు కొట్టాలి, లేచినప్పుడు కాదు. లేచి పడకపోతే ఆయన మనసు మార్చుకున్నట్టు, అక్కడే తొక్కుతూ ఉండాలి. చేతిని చూస్తే లాభం లేదు, చెయ్యి అబద్ధం చెప్తుంది, జనం కోసం ఊపుతాడు. ఆ బిషప్ కోటు విప్పించండి. కాలరు లేని చొక్కా వెయ్యండి. డ్రమ్ము వేదిక మీద ఎత్తున పెట్టొద్దు, ఆయన వెనకే, నాలుగడుగుల లోపల, కొంచెం కుడికి. ఇంతే. పదహారేళ్లకి ఇంతే.

కాగితం వెనక రాస్తున్నది నీకు. నాన్న నన్ను బయటికి గెంటేశాడు. గెంటొచ్చు, ఆయన బ్యాండు. కానీ వేరే దేశంలో ఎవరో ఆయన్ని చూసి జాలిపడటం నా వల్ల కాదు. నేను చెప్పానని ఆయనకి చెప్పు. "నువ్వు వద్దన్న ఆడపిల్లే చెప్పింది" అని, సరిగ్గా ఆ మాటే అను. ఏమన్నాడో నాకు రాయక్కర్లేదు.

వర్లీన్


ఉట్రెక్ట్
ఏప్రిల్ 30

కుమారి వర్లీన్ టన్‌స్టాల్ గారికి,

నా పేరు రేమండ్ పెటిస్. మీ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. మీరు రాసిన కాగితం మీ అన్నగారు నాకు ఇచ్చారు. మెడ నరాల సంగతి నిజమేనా అని తెలుసుకోవడానికి నేను మీ నాన్నగారి దగ్గరికి వెళ్లి చదివాను. ఒకవైపు అయ్యాక, ఆయన విని ఉంటారనుకుని రెండోవైపు కూడా చదివేశాను. ఆయన విని ఉండలేదు. "గెంటేశాడు" అన్న చోట నా చెయ్యి పట్టుకుని, "మళ్లీ చదవండి" అన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు. ఇక మీదట ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బాగుచెయ్యొద్దని ఆజ్ఞ.

ఓ పిల్లా. నేను మీ నాన్నని, ఓజెల్‌ని. నేను నిన్ను రావద్దని అన్లేదే. వాడు నాతో ఏం చెప్పాడంటే, "నాన్నా, అది ముసలాడి వీపు చూసి చూసి విసిగిపోయిందట. ఫ్యాక్టరీలో పర్మనెంటు చేశారట. ఎవడో కుర్రాడు కూడా ఉన్నాడు. అడిగావంటే కోప్పడుతుంది, అడక్కు" అన్నాడు. సరేలే, పిల్లకి దాని బతుకు దానికుంటుంది కదా అనుకున్నా. ఆ బీన్స్ తిన్న రోజు నువ్వు తలెత్తకపోతే అది నిజమే అనుకున్నా. నీ మొదటి ఉత్తరమని వాడు చదివింది వేరే. వాన పడిందని, అత్త కుక్క గురించి ఏదో అందని. కుక్క దగ్గర నవ్వాను. ఏడ్చావని చదవలేదు వాడు.

ఇంకోటి చెప్తా విను. ఇక్కడ ప్రతి హాలు గోడ మీదా నీ బొమ్మ ఉంది. నేను మధ్యలో, వాడు పక్కన, వెనక డ్రమ్ము దగ్గర నువ్వు, ఆ పసుపు గౌనులో. చదువు లేకపోయినా బొమ్మ కనిపిస్తుంది కదా. చూసినప్పుడల్లా మండింది నాకు, రాని పిల్లకి బొమ్మెందుకురా అని. ఇప్పుడు పెటిస్ గారు డచ్చాయన్ని అడిగితే బయటపడింది. నీకు ఒంట్లో బాలేదని ఆయనకి చెప్పాడట మనవాడు. ముగ్గురం కావాలనే ఆయన పిలిచాడట. పేరున్న డ్రమ్మరు కావాలని ఎవరూ అడగలేదట.

రికార్డింగు పంతొమ్మిదిన. డచ్చాయన టిక్కెట్టు పంపుతానంటున్నాడు. నువ్వు రా. నువ్వు లేకుండా ఆ రోజు నేను గిటార్ తీయను.

ఆయన చెప్పింది అయింది. నావి రెండు మాటలు. మీరు చెప్పినట్టే కూర్చుంటున్నాను. నరం లేవడం, పడటం చూస్తున్నాను. ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను, అయినా ప్రతిసారీ పిసరంత ఆలస్యమవుతోంది. నేను చూసి కొడుతున్నాను. మీరు చూసేలోపే కొడతారనుకుంటాను. అది నేర్చుకోవడానికి నాకు పదహారేళ్లు లేవు.

గౌరవంతో,
రేమండ్ పెటిస్


వెల్చ్ క్రాసింగ్
మే 8

పెటిస్ గారూ,

మీకు కృతజ్ఞతలు. కాగితం రెండువైపులా చదివిన మనిషి మీరొక్కరే. దయచేసి ఇది కూడా అలాగే నాన్నకి చదవండి.

నాన్నా,

నేను రాను.

సెలవు దొరక్క కాదు. దొరకదు, నిజమే, మూడు రోజులు మానితే తీసేస్తారు. తీసేస్తే తీసేస్తారు, ఆ సోఫాలేం నా సొంతం కావు. దానికి కాదు.

వాడు అబద్ధం చెప్పాడు. వాడి సంగతి వాడితో తేల్చుకుంటాను. నువ్వు నమ్మావు. నేను ఆలోచిస్తున్నది దాని గురించి. ఆ రోజు వంటింట్లో నీకూ నాకూ మధ్య రెండడుగుల బల్ల. "ఎందుకు రావట్లేదే" అని ఒక్కమాట అడిగి ఉంటే అక్కడితో అయిపోయేది. అడగలేదు. మగపిల్లాడు వచ్చి చెప్పాడు, సరే అనుకున్నావు. నీ మెడలో నరం లేచేది నీకే తెలియదు, నాకు తెలుసు. అంత తెలిసిన మనిషి గురించి ఎవడేం చెప్పినా నమ్మేస్తావా? నేనూ నిన్ను అడగలేదు. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. కానీ విమానం ఎక్కుతున్నది నువ్వు. ముందు అడగాల్సింది నువ్వు.

ఇప్పుడు "రా" అంటున్నావు. ఇది కూడా అడగడం కాదు. "వస్తావా" అనలేదు చూడు.

ఇంకో కారణం ఉంది. శనివారాలు నాకు తీరదు. మార్చి నుంచి జ్యూయెల్, నేను టైర్ల కొట్టు వెనక వాయిస్తున్నాం. క్లియోథా వదిలేసిన పాత బాస్ గిటార్ దానికిచ్చాను. మొదట్లో ఎలకని పట్టుకున్నట్టు పట్టుకునేది, ఇప్పుడు ఫర్వాలేదు. గిటార్ లేదు. డ్రమ్ము, బాస్, నా గొంతు. అవును, పాడుతున్నాను. పదహారేళ్లలో నువ్వు ఒక్కసారీ పాడమనలేదు కాబట్టి నాకూ తెలియలేదు. మొదటి వారం పదకొండు మంది వచ్చారు, అందులో నలుగురు టైర్లకి గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు. పోయిన వారం పొలం గట్టు దాకా కార్లు. జనం ఆడుతున్నారు.

రికార్డింగు పెటిస్ గారితో చేసుకో. మంచి మనిషి. చెయ్యనంటే మానెయ్. నీ గిటార్, నీ ఇష్టం.

నీ కూతురు,
వర్లీన్


చికాగో
జులై 22

వర్లీన్,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. నాన్న ఇల్లు చేరాడని అత్త ఫోన్లో చెప్పింది. రికార్డింగు ఆయన చెయ్యలేదు, ఆ సంగతి నీకు తెలిసే ఉంటుంది. విమానాశ్రయంలో నా పెట్టె నా ముందు పెట్టి, తన పెట్టె తను తీసుకుని వెళ్లిపోయాడు. పెటిస్ గారు జాలిపడి నన్ను ఇక్కడికి తీసుకొచ్చారు. సామాన్లు మోసే లారీ మీద పని. వారానికి రెండు రోజులు ఒక బ్యాండులో వాయిస్తున్నాను. పన్నెండుకి తిరుగుతారు, ప్రతిసారీ పన్నెండుకే. ఎవర్నీ చూడక్కర్లేదు. హాయిగా ఉండాలి కదా, లేదు.

ఎందుకు చేశానో నువ్వు అడగలేదు. అయినా చెప్తాను. గడ్డమాయన మన వరండాలో రికార్డు చేశాడే, ఆ రోజు నేను మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లాను. ఆయన చెవులకి ఆ డొప్పలు పెట్టుకుని, తన పక్కవాడితో గట్టిగా అన్నాడు. డొప్పలున్నవాడికి తను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో తెలియదు కదా. "ముసలాయన అద్భుతం. కానీ బ్యాండంతా ఆ అమ్మాయే. ఆ కుర్రాడి బదులు ఎవర్ని పెట్టినా ఒకటే" అన్నాడు. కిటికీ అవతల నీళ్ల గ్లాసులతో నేను.

అంతకు ముందు నాకు నిజంగా తెలియదు వర్లీన్. ఆ తర్వాత చూసుకున్నాను. నీ పాదం వైపు చూడకుండా వాయిద్దామని ఏడాది ప్రయత్నించాను. ఒక్క పాట కూడా దాటలేకపోయాను. నువ్వు లేని చోట, పెద్ద డ్రమ్మరు పక్కన, నేను కూడా ఒక మనిషినని తేలుతుందనుకున్నాను. తేలింది ఏమిటో నీకు తెలుసు.

నాన్నకి విడిగా ఒక కాగితం పెట్టాను. ఆయనకి చదివి వినిపిస్తావా? చదవకపోతే చింపెయ్, ఏమీ అనుకోను.

క్లియోథా


వెల్చ్ క్రాసింగ్
ఆగస్టు 5

అన్నయ్యా,

వరసగా చెప్తాను.

నాన్న మే నెలాఖరున దిగాడు. రెండు వారాలు గిటార్ పెట్టె తీయలేదు. బఠాణీ మొక్కలకి కర్రలు పాతాడు, కంచె బాగుచేశాడు, నాతో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి తప్ప మాట్లాడలేదు. మూడో శనివారం మధ్యాహ్నం పెట్టె పట్టుకుని టైర్ల కొట్టు వెనక్కి వచ్చాడు. పాట అయ్యేదాకా ఎండలో నిలబడ్డాడు. అయ్యాక టోపీ తీసి, "నేనూ వాయించొచ్చా?" అన్నాడు. అందరి ముందూ.

"వాయించొచ్చు. పాట నాది. మలుపు నేనే తీసుకుంటాను" అన్నాను.

"ఎన్నింటికి?"

"నాకు తోచినప్పుడు."

"అట్టాగైతే నాకెలా తెలుస్తుందే?"

జ్యూయెల్ పగలబడి నవ్వింది. "మావయ్యా, మార్చి నుంచీ నేను ఏడుస్తున్నదీ అదే!"

ఆ రోజు నాన్న నాలుగుసార్లు ఆలస్యంగా వచ్చాడు. నేను సర్దలేదు. ఇదివరకైతే సర్దేదాన్ని. ఐదో పాటకి కోటు, టోపీ, అన్నీ తీసి పక్కన పడేసి, చెమటలు కక్కుతూ, మొదటిసారి బడికెళ్లినవాడిలా వాయించాడు. ఇప్పుడు ప్రతి శనివారం వస్తున్నాడు. ఇంకా ఆలస్యమవుతున్నాడు. తగ్గుతోంది.

ఫ్యాక్టరీ నన్ను తీసెయ్యలేదు. బాత్రూంకి చెయ్యెత్తడం మేమే మానేశాం, నలభై మంది ఒకే రోజు. వాళ్లు ఏం చేస్తారో చూస్తున్నాం.

ఇక నీ కాగితం. ఇవాళ చర్చి నుంచి వచ్చాక చదివాను. మొత్తం చదివాను, నువ్వు కొట్టేసిన లైన్లు కూడా. కొట్టేసినా కనిపిస్తున్నాయి. నాన్న బఠాణీలు ఒలుస్తూ విన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను.

"ఏమైనా వదిలావా?" అన్నాడు.

"లేదు."

చాలాసేపు ఒలిచాడు. ఖాళీ తొక్కలు కూడా ఒలుస్తున్నాడని అత్త గిన్నె లాక్కుంది. అప్పుడు అత్తతో, "పిక్నిక్‌కి మేకలెన్ని చెప్పావ్?" అన్నాడు.

"మూడు."

"నాలుగు చెప్పు. వాడు తింటాడు."

అది నాన్న జవాబు. ఆయన ఇల్లు, ఆయన మేక. నేను అడ్డు చెప్పను. వచ్చి తిను.

బ్యాండు వేరే సంగతి. బాస్ జ్యూయెల్‌ది, దాన్ని లేవమనను. గడ్డమాయన అన్న మాటకి నాకు గర్వంగా లేదు. నీ గురించి ఆయన అన్నది తప్పని అనిపిస్తుంది ఒక్కోసారి. ఒక్కోసారి అనిపించదు. నువ్వు చేసిన దానికి కోపం పోయిందా అంటే, పోలేదు. పొద్దున లేచేసరికి అక్కడే ఉంటుంది.

పిక్నిక్‌లో వాయించాలని నీకుంటే, నాన్నతో చెప్పించొద్దు. అత్తతో ఫోన్ చేయించొద్దు. ఉత్తరంలో రాయొద్దు. డ్రమ్ము దగ్గరికి వచ్చి, నా మొహం చూసి, నన్ను అడుగు. నేను ఏం చెప్తానో నాకే ఇంకా తెలియదు.

అయినా అడుగు.

వర్లీన్